తాతయ్య గేదె చెవి, మా పిల్లి క్లెయిమ్

రాత్రి రెండింటికి మా పిల్లి బండోడు ఇసుక ట్రేలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవడం లేదు. వీపు వంచి, తోక బిగబట్టి, ఐదు నిమిషాలు ముక్కి, బయటికొచ్చి నాలుగడుగులు వేసి, మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుంటున్నాడు. నేను టార్చి వేసి చూస్తే ఇసుక పొడిగానే ఉంది. మలబద్ధకం అనుకున్నాను. అమ్మ కూడా లేచి వచ్చి అదే అంది, కాస్త ఆముదం పట్టించమంది. దేవుడి దయ వల్ల ఇంట్లో ఆముదం లేదు. తెల్లవారుజామున వాడి అరుపు మారిపోయింది. అప్పటిదాకా విసుగ్గా ఉన్న గొంతు పీలగా, చంటిపిల్ల ఏడుపులా అయిపోయింది.

డాక్టరు గారు పొట్ట పట్టి చూసి, "నిమ్మకాయంత ఉండాల్సిన మూత్రాశయం బత్తాయంత అయింది, ఒంటేలు దారి మూసుకుపోయింది, ఇంకో రోజు ఆగితే గుండె మీదకి వచ్చేది" అన్నారు. మగపిల్లులకి ఆ దారి సన్నం. సన్నటి ఇసుకలాంటి పొడి, జిగురు కలిసి అడ్డుపడితే మూత్రం వెనక్కి తన్నుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. మగపిల్లి ట్రేలో ఊరికే ముక్కుతూ కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

మత్తిచ్చి గొట్టం వేశారు. మూడు రాత్రులు సెలైను. రక్తపరీక్షలు రెండుసార్లు, ఒక స్కానింగు. బిల్లు 21,600 రూపాయలు. బిల్లు చూసి నేను పెద్దగా ఉలిక్కిపడలేదు. పెంపుడు జంతువుల బీమా పాలసీ ఉంది కదా అన్న ధైర్యం. నాలుగు నెలల కిందటే కుక్కకీ పిల్లికీ కలిపి చేయించాను. అప్పుడు అమ్మ, "ఒరే, మీ నాన్నకి చేయించావా ముందు?" అని అడిగింది. చేయించాననుకోండి. కానీ ఆ ప్రశ్న మాత్రం ఆమె చాలా రోజులు వదల్లేదు.

కాగితాలన్నీ స్కాన్ చేసి పంపాను. పది రోజులకి కంపెనీ నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. పేరు చెప్పను, ఏ కంపెనీ అయినా ఇదే రాసేదని ఇప్పుడు నా అభిప్రాయం. పాలసీలో పిల్లి పేరు ఒకటి, ఆసుపత్రి బిల్లులో ఇంకొకటి ఉంది, వైద్యం జరిగింది బీమా చేసిన పిల్లికేనని రుజువేమిటి అని. రిసెప్షన్‌లో అమ్మాయి 'బండోడు' అని రాయలేక 'బండి' అని రాసింది. పైగా మావాడు నల్లపిల్లి. నల్లపిల్లిని నాలుగు వైపుల నుంచి ఫోటో తీస్తే నాలుగు నల్లటి మచ్చలు వస్తాయి. చివరికి గడ్డం కింద చిటికెన వేలి గోరంత తెల్లమచ్చ ఉంటే, దాన్ని పట్టుకుని ఫోటో తీసి పంపాను.

ఆ ఉత్తరం చదువుతుంటే నాకు తాతయ్య గేదె గుర్తొచ్చింది.

తెనాలి దగ్గర మా ఊళ్లో, నేను చిన్నప్పుడు, తాతయ్య బ్యాంకు లోనుతో ముర్రా గేదెను కొన్నాడు. లోను ఇవ్వాలంటే బీమా ఉండాలన్నారు. గొడ్ల డాక్టరు వచ్చి గేదె చెవికి నంబరు బిళ్ల కుట్టాడు. రెండో ఏడు గేదె పొదుగువాపుతో మొదలై ఏదో అయి చచ్చిపోయింది. పోస్టుమార్టం చేశారు, పంచాయతీలో సంతకాలు పెట్టించారు, అన్నీ ఉన్నాయి. బిళ్ల లేదు. అంతకు నెల ముందే కంపకి చెవి రుద్దుకుని ఊడిపోయింది. బిళ్ల ఊడితే వెంటనే చెప్పి కొత్తది వేయించుకోవాలట. తాతయ్యకి ఎవరు చెప్పారు? పశువుల బీమాలో సూత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, ట్యాగు లేకపోతే క్లెయిమ్ లేదు. కొన్నిచోట్ల ట్యాగుతో సహా చెవిముక్క కోసి తెమ్మనేవాళ్లు. తాతయ్య చాలా ఏళ్లు ఆ మాటే చెప్పి నవ్వేవాడు. "చెవి తెస్తే డబ్బులిస్తారంటరా, నా చెవి కోసివ్వనా?" అని.

నవ్వులాటకి చెప్పడం లేదు. మన దేశంలో కుక్కకీ పిల్లికీ అమ్ముతున్న బీమా ఆ గేదె బీమా కడుపునే పుట్టింది. న్యూ ఇండియా లాంటి ప్రభుత్వ రంగ కంపెనీల దగ్గర కుక్కల పాలసీ చాలా కాలంగా ఉంది. కానీ అది ప్రధానంగా చావుకి. కుక్క చస్తే దాని ఖరీదు ఇస్తారు. బతికించడానికి అయ్యే ఖర్చు ఆ లెక్కలో ముఖ్యం కాదు. గేదె విషయంలో అది సబబే. రైతుకి గేదె పెట్టుబడి, పోతే పెట్టుబడి పోయినట్టు. వైద్యం ఖర్చుకి బీమా అన్న ఆలోచన ఇక్కడ గట్టిగా మొదలైంది 2020లో, బజాజ్ అలయంజ్ పెంపుడు కుక్కల పాలసీ తెచ్చినప్పుడు. ఏడాదికి 315 రూపాయల నుంచి మొదలు, జీఎస్టీ అదనం, అని అప్పట్లో వార్తలొచ్చాయి. దేశవాళీ, సంకర జాతి కుక్కలని కూడా తీసుకుంటామన్నారు, అది మంచి పని. తర్వాత మరికొన్ని కంపెనీలు వచ్చాయి, పిల్లులు కూడా చేరాయి. కానీ పాలసీ కాగితం తిరగేస్తే లోపల పాత ఎముకలు అలాగే ఉన్నాయి. చావుకి ఇంత, దొంగతనానికి ఇంత, తప్పిపోతే ఇంత.

నేను పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న, "సార్, డాగ్ ఖరీదు ఎంత?"

"కొనలేదండీ. నిజాంపేటలో మా సందు చివర చెత్తకుండీ దగ్గర దొరికింది."

కాసేపు నిశ్శబ్దం. "అయితే ఐదు వేలు వేస్తాను సార్. ఏదో ఒకటి వెయ్యాలి, కాలమ్ ఖాళీగా వదిలితే సిస్టమ్ తీసుకోదు."

అలా మా మల్లి విలువ ఐదు వేలు అయింది. ఆ ఐదు వేలకి చావు కవరు, దొంగతనం కవరు తగిలించి, దాని కోసం విడిగా డబ్బు తీసుకున్నారు. మల్లిని ఎవరైనా దొంగిలిస్తారా? దొంగిలించినవాడే రెండో రోజు తెచ్చి దింపిపోతాడు, దాని అరుపు అలాంటిది. అప్పుడు నాకు తోచలేదు గానీ, చవకగా బీమా కావాలనుకునే వాళ్లు మొదట చేయాల్సింది ఇదే. ఖరీదుకి సంబంధించిన కవర్లన్నీ తీసేయమని అడగాలి. అరవై వేలు పెట్టి కాగితాలున్న కుక్కపిల్లని కొన్నవాళ్ల సంగతి వేరు. వీధిలో దొరికిన దానికీ, దత్తత తెచ్చుకున్న పిల్లికీ చావు కవరు దండగ. అది పోయిన రోజు ఐదు వేలు చేతికొచ్చినా ఏం చేసుకుంటాం?

బండోడి సంగతి పూర్తి చేస్తాను. తెల్లమచ్చ ఫోటోతో గుర్తింపు గొడవ తీరింది. తర్వాత రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి తిరస్కరణ. కారణం కేస్ షీటులో ఒకే ఒక్క వాక్యం. చేర్పించిన రోజు డాక్టరు గారు, "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా?" అని అడిగారు. ఆరు నెలల కిందట ఒకసారి రెండు రోజులు ఇలాగే ముక్కాడని, తనంతట తనే తగ్గిపోయిందని చెప్పాను. ఆయన రాశారు. పాలసీ వయసు నాలుగు నెలలు. జబ్బు వయసు ఆరు నెలలు. పాలసీకి ముందే ఉన్న జబ్బుకి డబ్బు రాదు. అయిపోయింది.

నాకు కోపం వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఎవరి మీద? డాక్టరు నేను చెప్పిందే రాశారు. అబద్ధం చెప్పి ఉండాల్సింది అని ఒక స్నేహితుడు అన్నాడు. ప్రాణం మీదకి వచ్చిన జంతువుని బల్ల మీద పడుకోబెట్టి డాక్టరుకి అబద్ధం చెప్పడం నావల్ల కాదు. ఇంకెవరూ చెప్పకండి కూడా, వైద్యం తప్పుదారి పడుతుంది. తప్పు ఎక్కడ జరిగిందంటే, పాలసీ ఫారంలో. గతంలో ఏమైనా జబ్బులు అన్న చోట ఏజెంటు తనే 'లేదు' అని టిక్కు పెట్టాడు. నాకు ఓటీపీ వచ్చింది, నేను చెప్పేశాను. ఆ ఓటీపీయే నా సంతకం. తాతయ్య వేలిముద్ర వేశాడు, నేను ఓటీపీ చెప్పాను. ముప్పై ఏళ్లలో మా వంశం సాధించిన ప్రగతి అది.

ఆ తర్వాత కుదురుగా కూర్చుని మల్లి ఖర్చులన్నీ లెక్క రాశాను. మల్లి ఫైలు ఒకటి టీవీ కింద ఉంటుంది. టీకా సీసాల మీది స్టిక్కర్లు వరసగా అంటించిన చిన్న పుస్తకం, బిల్లులు, రక్తపరీక్షల కాగితాలు. ఆరేళ్లలో మొత్తం 68,000. అందులో ఏటేటా వేసే సెవెన్ ఇన్ వన్ టీకా, రేబిస్ టీకా, నులిపురుగుల మందు, పిడుదులకి మెడ మీద పోసే చుక్కలు కలిపి ఏడాదికి సుమారు ఆరు వేల లెక్కన 36,000. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి 7,500. పిడుదులు కుడితే వచ్చే టిక్ ఫీవర్ రెండుసార్లు వచ్చింది, రెండూ కలిపి 12,200. చర్మం దురదకి తిరిగి తిరిగి తొమ్మిది వేలు. గాజుపెంకు గుచ్చుకుని పాదానికి కుట్లు పడితే 3,300.

ఇప్పుడు ఇందులో నా పాలసీ ఏది ఇస్తుందో చూడండి. టీకాలు, పురుగుల మందు, పిడుదుల మందు ఇవ్వదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఇవ్వదు. టిక్ ఫీవర్‌కి మల్లిని అడ్మిట్ చేయలేదు, రక్తం తీసి చూసి నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు వాడమన్నారు. అది ఓపీ కిందకి వస్తుంది, ఓపీ కవరు విడిగా కొనాలి, దానికి చిన్న పరిమితి. దురద సరేసరి. మిగిలింది కాలికి కుట్లు. పది శాతం కో-పే, అంటే మనం పెట్టుకోవాల్సిన వాటా, పోను 2,970 రూపాయలు. దీనికి ప్రీమియం ఏడాదికి 3,400, పద్దెనిమిది శాతం జీఎస్టీతో 4,012. ఆరేళ్లూ కట్టి ఉంటే ఇరవై నాలుగు వేల పైన. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేశారని సంబరపడ్డాం గానీ, ఆ మినహాయింపు మనుషులకే.

దీన్ని చూసి బీమా మోసం అని తేల్చేయడం తేలిక. నేను ఒక వారం అలాగే అందరికీ చెప్పాను కూడా. ఆ మాట వెనక్కి తీసుకున్నది మా ఆఫీసు మిత్రుడి లాబ్రడార్ వల్ల. మే నెల, బంగినపల్లి కాలం. వాళ్లింట్లో పిల్లలు తిని పడేసిన మామిడి టెంకను అది మింగేసింది. రెండు రోజులు కక్కుతూనే ఉంది. పేగులో అడ్డం పడిందని ఎక్స్‌రేలో తేలింది. పొట్ట కోసి తీశారు, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. 62,000. అతని పాలసీ పరిమితి యాభై వేలు. పది శాతం కో-పే పోను 45,000 వచ్చాయి. మూడు వారాల్లో వచ్చాయి. ఆ నెల అతను ఇంటి లోను వాయిదా ఆపకుండా కట్టగలిగాడంటే ఆ డబ్బు వల్లే.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. దాని కుక్కకి మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్‌కి 5,800 డాలర్లు. నెలకి 58 డాలర్లు కడుతోంది, మొదటి 500 డాలర్లు తను పెట్టుకోవాలి, మిగతాదాంట్లో 80 శాతం వస్తుంది. లెక్కన 4,240 డాలర్లు చేతికి వచ్చాయి. "బీమా లేకుండా ఇక్కడ కుక్కని పెంచడం అంటే జూదమే అన్నయ్యా" అంటుంది. నిజమే. అక్కడ పెద్ద బిల్లు ఎవరి నెల జీతానికీ లొంగదు. అమెరికాలో మొదటి పెంపుడు జంతువు పాలసీ 1982లో టీవీలో పేరుమోసిన లాసీ కుక్కకి రాశారు. స్వీడన్‌లో కుక్కల బీమా 1924 నుంచే ఉంది, బ్రిటన్‌లో 1947 నుంచి. స్వీడన్‌లో ఇవాళ ఎక్కువ శాతం కుక్కలకి బీమా ఉంటుంది. అంతమంది కడితే గట్టి కుక్కల ప్రీమియంతో జబ్బు కుక్కల వైద్యం నడిచిపోతుంది. మన దగ్గర కట్టేవాళ్లు పిడికెడు. ఆ పిడికెడులో కూడా చాలామంది, నాలాగే, ఎవరో ఒకరి కుక్కకి ఏదో అయిందని విని భయపడి కొన్నవాళ్లు. రోగమొస్తుందని భయమున్నవాళ్లే కొంటే కంపెనీ మాత్రం ఏం చేస్తుంది? నిబంధనలు బిగిస్తుంది. వెయిటింగ్ పీరియడ్ (కొత్త పాలసీలో క్లెయిమ్ చెల్లని మొదటి రోజులు), కో-పే, జబ్బుకో పరిమితి, వయసు హద్దు. పెద్ద జాతులకైతే ఇంకా ముందే తలుపు మూసేస్తుంది, గ్రేట్ డేన్ లాంటివి త్వరగా ముసలివవుతాయి కాబట్టి.

కాబట్టి నా వాదన ఇది. మన దగ్గర 'చవకైన పెట్ ఇన్సూరెన్స్ ఏది?' అన్న ప్రశ్నే కొంచెం తిరగబడి ఉంది. పాలసీలు పోల్చే వాళ్లంతా ప్రీమియం దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది మన జంతువు దగ్గర, మన బ్యాంకు ఖాతా దగ్గర. ఏ బిల్లు వస్తే మనం కట్టలేం? దానికే బీమా. కట్టగలిగే బిల్లులకి బీమా కొంటే, మన డబ్బే మనకి కోత పెట్టి తిరిగిస్తారు.

కనిపించిందల్లా మింగే లాబ్రడార్‌కి, తుంటి కీళ్లు బలహీనంగా ఉండే జర్మన్ షెపర్డ్‌కి, రెండేళ్ల లోపు వయసుంటే పాలసీ తీసుకోమంటాను. ఆపరేషన్, ఆసుపత్రి కవరు మాత్రమే. ఓపీ వద్దు, చావు వద్దు, దొంగతనం వద్దు. పరిమితి యాభై వేలకి తగ్గితే ఆ పాలసీకి అర్థం లేదు. ఏడాదికి మూడు వందల పాలసీ అని ప్రకటన చూస్తే ముందు దాని పరిమితి ఎంతో చూడండి. ఒక రాత్రి సెలైనుకి సరిపోయే పాలసీ ఎంత చవకైనా ఖరీదే. పిల్లినైతే కూనగా ఉన్నప్పుడే, దాని పేరు మీద ఏ డాక్టరూ ఏ వాక్యమూ రాయకముందే చేయించాలి. ఆ తర్వాత ఏటా తేదీ తప్పకుండా రెన్యువల్ చేయాలి. మధ్యలో ఒక నెల ఖాళీ వస్తే మళ్లీ కొత్త పాలసీ, మళ్లీ పాత జబ్బుల లెక్క మొదటి నుంచి. టీకాలు కూడా తేదీకి వేయించాలి. పార్వో, డిస్టెంపర్ లాంటివి టీకాతో ఆగే జబ్బులు, టీకా వేయించకుండా అవి వస్తే సాధారణంగా డబ్బు రాదు. అది అన్యాయం అని కూడా నేను అనను.

ఆరేళ్లు దాటిన మల్లి లాంటి దేశీ కుక్కకి? నేను ఈ ఏడు రెన్యువల్ చేయలేదు. బదులు బ్యాంకులో నెలనెలా 700 రూపాయలు దాచే ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) తెరిచాను. ఏడాదికి 8,400. దాని ఖాతా పేరు మల్లి అని పెట్టనివ్వలేదు బ్యాంకువాళ్లు, అది వేరే కథ. ఆర్డీలో ఒక లోపం ఉంది, ఒప్పుకోవాలి. తెరిచిన మూడో నెలలోనే టెంక మింగితే అందులో రెండు వేల చిల్లరే ఉంటుంది. అందుకే కొత్తగా జంతువుని తెచ్చుకున్నవాళ్లకి నేను చెప్పేది, మొదటి కొన్నేళ్లు పాలసీ, ఆర్డీ రెండూ నడపండి. ఆర్డీ యాభై అరవై వేలకి చేరాక, జంతువుకి ఏడెనిమిదేళ్లు వచ్చి కంపెనీ ఎలాగూ మొహం చాటేసే సమయానికి, మీరే పాలసీని వదిలేయొచ్చు. ఏ ఏజెంటూ ఇలా చెప్పడు, చెబితే అతనికి గిట్టదు.

ఇక ఎవరూ బీమా అనుకోని బీమా ఒకటుంది. ప్రభుత్వ పశువుల ఆసుపత్రి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ మాట అంటే, "అక్కడ గేదెలకే కదా" అన్నారు. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, అక్కడ వరండాలో గేదెలు కనపడవు, కుక్కలూ పిల్లులే. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలు ఉన్నాయి. కాలేజీ ఆసుపత్రుల్లో ప్రొఫెసర్లు చూస్తారు, చుట్టూ పదిమంది విద్యార్థులు నోట్సు రాసుకుంటూ ఉంటారు, మన కుక్క ఆ రోజుకి పాఠం అవుతుంది. క్యూ ఉంటుంది, సగం రోజు పోతుంది, ఏసీ ఉండదు. కానీ ప్రైవేటులో వేలల్లో అయ్యేది అక్కడ వందల్లో తేలిపోయిన సందర్భాలు మా మల్లికే రెండు ఉన్నాయి. ఆదివారం రాత్రి పదకొండింటికి మాత్రం అక్కడ ఎవరూ ఉండరు, బండోడిలాంటి కేసుకి ప్రైవేటే గతి. ఏటా జులై 6న పశుసంవర్ధక శాఖ ఆసుపత్రుల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి మొదటి టీకా వేశాడు. ఆ రోజు పొద్దున్నే వెళ్లండి, పదింటికల్లా లైను గేటు దాటిపోతుంది.

పైన అన్ని అదనపు కవర్లూ తీసేయమన్నాను గానీ ఒక్కటి ఉంచుకోమంటాను, థర్డ్ పార్టీ. మన కుక్క ఇంకొకరిని కరిస్తే, బండికి అడ్డం పడి ఎవరైనా పడిపోతే, వాళ్ల ఖర్చు. కుక్క విషయంలో జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో జరిమానా వెయ్యి రూపాయలే. జైలుకీ జరిమానాకీ బీమా రాదు, నష్టపరిహారానికి వస్తుంది. మూడేళ్ల కిందట మల్లి మా మెట్ల మీద పార్సిల్ తెచ్చిన కుర్రాడి పిక్క పట్టుకుంది. పన్ను దిగలేదు, గీత పడింది. అయినా నేనే బండి మీద నారాయణగూడ ఐపీఎంకి (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) తీసుకెళ్లాను. మనుషులకి రేబిస్ టీకా అక్కడ వేస్తారు. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, నాలుగుసార్లూ నేనే తీసుకెళ్లాను. అతని నాలుగు రోజుల సంపాదన ఇచ్చాను. అతను మంచివాడు కాబట్టి అక్కడితో అయింది. కాకపోయి ఉంటే?

క్లెయిమ్ తిరస్కరిస్తే చాలామంది నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. నేను ఊరుకున్నానంటే తప్పు నా ఫారంలో ఉంది కాబట్టి. మీ తప్పు లేకపోతే మొదట కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు బీమా గొడవలు తీర్చే అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. తెలంగాణ, ఆంధ్ర, యానాం వాళ్లకి ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. యాభై లక్షల లోపు వివాదాలు చూస్తారు, మన పిల్లి బిల్లు ఏపాటిది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా మన ఊళ్లోనే ఉంది, ఫిర్యాదులకి వాళ్ల బీమా భరోసా నంబరు 155255.

పోయిన నెల మల్లికీ బండోడికీ గుర్తింపు చిప్పు వేయించాను. బియ్యపు గింజంత ఉంటుంది, లావుపాటి సూదితో భుజాల మధ్య చర్మం కిందికి ఎక్కిస్తారు. మల్లి గోల గోల చేసింది, బండోడు పట్టించుకోలేదు. డాక్టరు గారు రీడరు పెట్టి చూపిస్తే పదిహేను అంకెల నంబరు వచ్చింది. ఇది కంపకి రుద్దుకుంటే ఊడదు. నంబరు టీకా పుస్తకం మొదటి పేజీలో రాయించాను, దాని పక్కనే పిల్లి పేరు పెద్ద అక్షరాల్లో, బండోడు అని, దీర్ఘాలతో సహా.

బండోడి పాలసీ మాత్రం కొనసాగిస్తున్నాను, మూత్రం జబ్బు తప్ప మిగతావాటికి. మూత్రం జబ్బుకి డాక్టరు గారు చెప్పిన మందు నీళ్లు. పొడి తిండి తగ్గించి తడి తిండి పెట్టమన్నారు, నీళ్ల గిన్నె ఒకేచోట కాకుండా ఇల్లంతా పెట్టమన్నారు. నాలుగు గిన్నెలు పెట్టాం. అమ్మ ఇప్పటికి రెండుసార్లు తన్నుకుని చీర తడుపుకుంది. వాడు మాత్రం ఆ నాలుగూ వదిలేసి బాత్రూములో బకెట్లో తల పెట్టి తాగుతున్నాడు.